వైజాగ్ మీద తిరిగి తిరిగి విమానం భువనేశ్వర్ వెళ్ళిపోయింది, ‘ఫ్యూయల్ తక్కువుంది’ అన్నారట. ఇది మామూలేనా?

బాహుదా_ఒడ్డు (ఇచ్ఛాపురం)

అందరికీ నమస్కారం. ఇక్కడ ఎయిర్‌పోర్టు పనుల్లో ఉన్న మనోళ్ళు కొందరున్నారని తెలిసి అడుగుతున్నాను, కాస్త పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి.

మా అమ్మ హైదరాబాద్‌లో చెల్లి ఇంటికాడ కొన్నాళ్ళుండి మొన్న సాయంత్రం ఫ్లైట్‌కి వైజాగ్ బయల్దేరింది, నేను ఇచ్ఛాపురం నుంచి ముందే వెళ్ళి ఎయిర్‌పోర్టు బయట నిలబడ్డాను. ఇక్కడ చూస్తే నల్లగా మబ్బు కమ్మేసి ఉరుములు, గాలి, ఎదురుగా ఉన్న మనిషి కూడా కనపడనంత వాన. ఫ్లైట్ దిగాల్సిన టైం దాటిపోయింది, ఫోన్లో ట్రాకింగ్ యాప్ తెరిచి చూస్తే విమానం సముద్రం మీద ఒకటే చోట గుండ్రంగా తిరుగుతోంది, ఒక రౌండు అయ్యాక ఇంకో రౌండు. అలా అరగంట తిరిగి చివరికి తిన్నగా ఉత్తరానికి వెళ్ళిపోయింది, భువనేశ్వర్‌కి.

తర్వాత అమ్మ చెప్పిందేటంటే, కెప్టెన్ మైకులో “వాతావరణం బాగాలేదు, ఫ్యూయల్ తక్కువగా ఉంది, అందుకని భువనేశ్వర్ వెళ్తున్నాం” అన్నాడట. ఆ ఫ్యూయల్ తక్కువ అన్న మాట చెవిన పడ్డంతోనే లోపల అందరికీ కాళ్ళూ చేతులూ ఆడలేదట, పక్క సీటు ఆవిడ ఏడుపు మొదలెట్టిందట, అమ్మ కూడా కళ్ళు మూసుకుని దండం పెట్టుకుంటూ కూర్చుందట. భువనేశ్వర్‌లో దిగాక దగ్గర దగ్గర రెండు గంటలు సీట్లోంచి లేవనివ్వలేదు. అక్కడే దిగనిస్తే రైలెక్కి బరంపురం, అక్కడి నుంచి ఇచ్ఛాపురం హాయిగా వచ్చేసేది కదా, మళ్ళీ వైజాగ్ తీసుకొచ్చి అర్ధరాత్రి దింపారు. ఏ ఎయిర్‌లైనో ఇక్కడ రాయను, గొడవ పెట్టుకోవడానికి కాదు ఈ పోస్టు.

నాకు నిజంగా తెలుసుకోవాలని ఉంది. హైదరాబాద్ నుంచి వైజాగ్ గంట ప్రయాణం, దానికి ట్యాంకు నిండా పోసుకుని రావచ్చు కదా, ఎందుకు తక్కువ పోసుకుంటారు? బండి రిజర్వులో పడ్డట్టు విమానం కూడా రిజర్వులో పడిందంటే గాల్లో ఆగిపోయే ప్రమాదం ఎంత దగ్గర్లో ఉన్నట్టు? ఇంకోటి, భువనేశ్వర్‌లో ఇంధనం ఎక్కించేటప్పుడు ఎయిర్ హోస్టెస్ వచ్చి బెల్టులు పెట్టుకోమనకుండా తీసేయమందట, అమ్మకి అదే ఎక్కువ భయం వేసిందంది. అదెందుకు? వచ్చే నెల అమ్మ మళ్ళీ హైదరాబాద్ వెళ్ళాలి, ఇంక విమానం ఎక్కనంటోంది, మోకాళ్ళ నొప్పితో రైల్లో రాత్రంతా కూర్చోలేదు. తెలిసినోళ్ళు చెప్పండి.

సోంపేట_బీల

తమ్ముడూ, నాది సోంపేట పక్క ఊరే, ప్రస్తుతం హైదరాబాద్‌లో ఒక ఎయిర్‌లైన్ ఆపరేషన్స్‌లో డిస్పాచర్‌గా చేస్తున్నాను. డిస్పాచర్ అంటే ప్రతి ఫ్లైటుకీ ఏ దారిలో వెళ్ళాలి, ఎంత ఎత్తులో వెళ్ళాలి, ఎంత ఇంధనం వెయ్యాలి అన్న లెక్క కట్టి కాగితం తయారుచేసే పని, దాని మీద కెప్టెన్ సంతకం పెడతాడు, ఆయనకి చాలదనిపిస్తే ఇంకా వేయించుకుంటాడు, ఆ అధికారం ఆయనదే. కాబట్టి నువ్వడిగింది నేను రోజూ చేసే లెక్కే. ముందు ఒక్క మాట అమ్మగారికి చెప్పు, ఆ విమానం ఆగిపోయే పరిస్థితికి దగ్గర్లో కూడా లేదు. ఎందుకో అంకెలతో చెప్తాను.

మేము ఇంధనాన్ని లీటర్లలో కాదు కిలోల్లో లెక్కపెడతాం. ఎయిర్‌బస్ ఏ320 గంటకి సుమారు 2,400 కిలోలు తాగుతుంది, కొత్త నియో రకం ఇంకా తక్కువ. హైదరాబాద్ నుంచి వైజాగ్ ఆకాశంలో దాదాపు 500 కిలోమీటర్లు, దీనికి ఒక 2,300 కిలోలు పడతాయనుకో, దీన్ని ట్రిప్ ఫ్యూయల్ అంటాం. గేటు నుంచి రన్‌వే దాకా నేల మీద నడవడానికి ఒక 200. దారిలో ఎదురుగాలి ఎక్కువైనా మబ్బు తప్పించడానికి చుట్టు తిరిగినా పనికొస్తుందని ట్రిప్‌లో 5 శాతం గానీ, గమ్యం మీద 5 నిమిషాలు తిరిగేంత గానీ, రెండిట్లో ఏది ఎక్కువైతే అది వెయ్యాలి, ఇంత చిన్న ప్రయాణానికి 5 నిమిషాలదే ఎక్కువవుతుంది, అదొక 200. ఇక్కడిదాకా నువ్వనుకున్న గంట ప్రయాణం.

అసలైంది దీని తర్వాత. వైజాగ్‌లో దిగలేకపోతే ఇంకో ఎయిర్‌పోర్టుకి వెళ్ళి దిగడానికి సరిపడా ఇంధనం బయల్దేరేటప్పుడే ట్యాంకులో ఉండాలి, ఆ రెండో ఎయిర్‌పోర్టుని ఆల్టర్నేట్ అంటాం. మీ ఫ్లైటుకి అది భువనేశ్వర్ అయ్యుంటుంది. వైజాగ్ నుంచి గాల్లో 390 కిలోమీటర్లు, ముప్పావు గంట, దానికి ఒక 1,900 కిలోలు. దాని మీద ఫైనల్ రిజర్వ్, అంటే ఆ ఆల్టర్నేట్ మీద 1,500 అడుగుల ఎత్తులో ఇంకో 30 నిమిషాలు తిరగగలిగేంత, ఇదొక 1,150. ఇది ప్రపంచమంతా ఉన్న ఐకావో (అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ) రూలు, మన దేశంలో విమానాల సంగతి చూసే డీజీసీఏ కూడా ఇదే పెట్టింది. సాయంత్రం ఉరుములు పడే సూచన ఉందంటే నేనైనా కెప్టెనైనా ఇంకో అరగంట తిరగడానికి ఎక్స్‌ట్రా వేస్తాం, అదింకో 1,150. అన్నీ కలిపితే 6,900 కిలోలు. బరువుని బట్టీ గాలిని బట్టీ ఈ అంకెలు అటూ ఇటూ మారతాయి, మీ ఫ్లైటు కాగితం నా దగ్గర లేదు, కానీ ఆ లైనులో లెక్క ఇలాగే ఉంటుంది.

ఇప్పుడు చూడు. నేల మీద 200 పోను 6,700తో లేచింది, వైజాగ్ మీదకొచ్చేసరికి 4,400 ఉంటాయి. అరగంట తిరిగింది, 3,250 అయ్యాయి. భువనేశ్వర్‌కి 1,900, ఫైనల్ రిజర్వ్ 1,150, కలిపి 3,050. అంటే ఇంకో 5 నిమిషాలు తిరిగితే ఆ గీత తాకేస్తుంది. గీత తాకకముందే కెప్టెన్ “ఇంక చాలు, పద” అనేశాడు. అమ్మగారు విన్న “ఫ్యూయల్ తక్కువ” అప్పటి మాట, అప్పుడు ట్యాంకులో గంటకి పైగా ఎగరగలిగే ఇంధనం ఉంది, వైజాగ్ మీద ఇంకా కాచుకుని కూర్చోవడానికి మాత్రమే లేదు. భువనేశ్వర్‌లో దిగేసరికి కూడా 1,300 కిలోల పైనే మిగిలుండాలి, అంటే ఆ 30 నిమిషాల నిల్వ ముట్టుకోనే లేదు. నీ బండి రిజర్వు వాడుకోడానికి పెట్టింది, బంకు దాకా వెళ్ళడానికి. ఇది అలా కాదు, ఫైనల్ రిజర్వ్ ముట్టుకోకుండా దిగాలని లెక్క కడతాం, అది తగ్గేలా ఉందంటేనే ఎమర్జెన్సీ.

అనౌన్స్‌మెంట్ గురించి మాత్రం నాకు బాధగా ఉంది. “ఇక్కడ ఆగడానికి మనం అనుకున్న టైం అయిపోయింది, భువనేశ్వర్‌కి కావలసినంత ఇంధనం ఉంది, అక్కడ దిగుతున్నాం” అని చెప్పుంటే ఆ పక్కావిడ ఏడ్చేది కాదు. ఎదురుగా మబ్బులు, చెవిలో ఏటీసీ (కింద నుంచి విమానాలకి దారి చెప్పే కంట్రోలర్లు), పక్కన కో-పైలట్ లెక్కలు, అంత పనిలో ఒక్క ముక్కలో చెప్పేస్తారు, వాళ్ళకది మామూలు మాట, వెనక కూర్చున్నోళ్ళకి కాదు. మా దగ్గర ట్రైనింగుల్లో ఈ మాట నేను ప్రతిసారీ ఎత్తుతాను.

బరంపురం_తెలుగోడు

అన్నా లెక్క బాగా చెప్పారు గానీ అసలు ప్రశ్న తప్పించుకున్నారు. ట్యాంకు నిండా ఎందుకు పొయ్యరు? ఏ320 ట్యాంకు దాదాపు 24 వేల లీటర్లు పడుతుందని చదివాను, అంటే సుమారు 19 టన్నులు, మీరు వేసింది 7 టన్నులు కూడా లేదు, మూడో వంతు పై మాట. మిగతాది ఖాళీగా తిప్పడం కంపెనీ డబ్బు మిగుల్చుకోడానికి కాదా? మా బరంపురంలో కూడా జనం ఇదే అంటారు, టికెట్టు ధర తగ్గించి ఇంధనంలో కోత పెడుతున్నారని. ముసలోళ్ళని పిల్లల్ని ఎక్కించి పంపేటప్పుడు ఈ అనుమానం ఉండకూడదు కదా.

సోంపేట_బీల

తప్పించుకోలేదండీ, పోస్టు పెద్దదైపోతోందని ఆగాను. అడగాల్సిన ప్రశ్నే.

డబ్బు లెక్క ఉంది, లేదనను. ఇంధనం మోయడానికి ఇంధనం ఖర్చవుతుంది, ఎక్కువేసిన ప్రతి టన్నుకీ గంటకి సుమారు 3 శాతం దాన్ని మోయడంలోనే ఆవిరైపోతుంది. 12 టన్నులు అదనంగా వేసుకుని తిరిగితే గంటలో 350 కిలోల దాకా ఉత్తపుణ్యానికి కాల్చినట్టే, రోజుకి అన్ని వందల ఫ్లైట్లలో ఇదెంతవుతుందో మీరే ఊహించండి. కానీ మీరు గమనించాల్సింది, డబ్బు కోసం ఎక్కువ వేసుకునే రోజులు కూడా ఉన్నాయి. విమాన ఇంధనం మీద వ్యాట్ రాష్ట్రానికో రకంగా ఉంటుంది, బయల్దేరే చోట చవక, దిగే చోట ఖరీదు అయితే తిరుగు ప్రయాణానిది కూడా ఇక్కడే పోయించుకుని వెళ్ళిపోతారు, దీన్ని ట్యాంకరింగ్ అంటారు. కాబట్టి ఎక్స్‌ట్రా దగ్గర ధర చూస్తారు, అది నిజం. తగ్గించడానికి వీల్లేనిది నేను పైన చెప్పిన కనీసం, అది చట్టం, దాని కింద ఒక్క కిలో తగ్గినా విమానం కదలదు.

అసలు అడ్డం డబ్బు కూడా కాదు, బరువు. ఏ320 లేచేటప్పుడు 77, 78 టన్నుల దాకా ఉండొచ్చు గానీ దిగేటప్పుడు సుమారు 66 టన్నులు దాటకూడదు, గేరూ రెక్కలూ ఆ లెక్క మీద కట్టినవి. దూరప్రయాణమైతే దారిలో 10 టన్నులు కాలిపోయి బరువు తగ్గుతుంది, హైదరాబాద్–వైజాగ్‌లో కాలేది రెండు టన్నుల చిల్లర. జనం, సామాను నిండుగా ఉండి ట్యాంకు కూడా నింపితే వైజాగ్ వచ్చేసరికి దిగాల్సిన బరువు కంటే ఎక్కువుంటుంది. గాల్లోనే ఇంధనం పారబోసే ఏర్పాటు పెద్ద విమానాల్లో కొన్నిటికి ఉంటుంది, ఏ320కి లేదు. అప్పుడు బరువు తగ్గేదాకా గంటలు గంటలు గాల్లో తిరగాలి. పైగా తడిసిన రన్‌వే మీద బరువైన విమానం ఆగడానికి ఎక్కువ దూరం తీసుకుంటుంది, మీరు వర్షంలో భద్రత కోసం పోసిన ఇంధనమే ఆ వర్షంలో ఆగనివ్వకుండా చేస్తుంది. అందుకే కావలసినంత, దాని మీద ఆలోచించి వేసిన ఎక్స్‌ట్రా, అంతే.

ఆల్టర్నేట్ ఎంపిక గురించి కూడా చెప్పాలి, మన తీరం వాళ్ళకి ఇది ముఖ్యం. దగ్గరుంది కదా అని రాజమండ్రి రాసేస్తే ఇంధనం తక్కువ పడుతుంది, కాగితం మీద అందంగా ఉంటుంది. కానీ బంగాళాఖాతంలో వాయుగుండం ఉన్న రోజు ఒకే మబ్బు కాకినాడ నుంచి గోపాల్‌పూర్ దాకా కప్పేస్తుంది, రాజమండ్రి వైజాగ్ భువనేశ్వర్ మూడూ ఒకేసారి మూసుకుపోవచ్చు. అలాంటి రోజు నేను లోపలి ఊళ్ళు చూస్తాను, రాయ్‌పూర్ గానీ వెనక్కి హైదరాబాద్ గానీ, ఎక్కువ ఇంధనం పట్టినా సరే. 2013లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది, 2014లో హుద్‌హుద్ వైజాగ్ ఎయిర్‌పోర్టునే పాడుచేసి కొన్ని రోజులు మూయించింది, 2018లో తిత్లీ మన పలాస వైపే వచ్చింది. ఈ మూడూ చూసినోడికి వాయుగుండం రోజున తీరం ఊరిని తీరం ఊరికే ఆల్టర్నేట్‌గా రాయడానికి చెయ్యి రాదు.

కాశీబుగ్గ_కుర్రోడు

నేను విమానాలకి ఇంధనం ఎక్కించే పనిలో ఉన్నాను, ఊరు కాశీబుగ్గ, ఏ ఎయిర్‌పోర్టో చెప్పను. బెల్టు సంగతి నేను చెప్తాను ఎందుకంటే మా పని జరుగుతున్నప్పుడే ఆ అనౌన్స్‌మెంట్ వస్తాది.

మనుషులు లోపల ఉండగా ఇంధనం ఎక్కిస్తే బెల్టు తీసేయమంటారు, ఏదైనా జరిగితే ఒక్క నిమిషం కూడా ఆలస్యం కాకుండా లేచి పరిగెత్తడానికి. తలుపుల దగ్గర ఎయిర్ హోస్టెస్‌లు నిలబడే ఉంటారు, నడవలో బ్యాగులు పెట్టనివ్వరు, కాక్‌పిట్‌కీ కింద మాకూ మధ్య మాట అందేలా ఒకళ్ళుంటారు. అమ్మగారు అదే చూసుంటారు, అది ప్రమాదం వచ్చిందని కాదు, రాకూడదని పెట్టిన పద్ధతి.

ఇంక కింద మేమేటి చేస్తామంటే, బండి తెచ్చి ఆపీసాక మొట్టమొదట బాండింగ్ వైరు విమానానికి తగిలిస్తాం, ఇంధనం గొట్టంలో పారేటప్పుడు స్టాటిక్ కరెంటు పుడతాది, నిప్పురవ్వ రాకుండా విమానం, మా బండి రెండూ ఒకటే చెయ్యాలి. ఆ తర్వాత నీళ్ళ పరీక్ష. గాజు జాడీలో ఇంధనం పట్టి వెలుగులో ఎత్తి చూస్తాం, నీళ్ళలా తేటగా లేదంటే లేత గడ్డి రంగులో మెరుస్తా ఉండాలి, అడుగున బుడగలా నీటిచుక్క గానీ నలక గానీ కనపడకూడదు. కంటికి కనపడని నీటికి ఒక చిన్న ప్లాస్టిక్ బిళ్ళ ఉంటాది, సిరంజికి తగిలించి ఇంధనం లాగితే లోపలి పసుపు కాగితం అలాగే పసుపుగా ఉండాలి, ఆకుపచ్చగానో నీలంగానో తిరిగిందంటే ఆ బండి పక్కన పెట్టీసి వేరే బండి తెస్తాం, ఫ్లైటు ఎంత లేటయినా సరే. పైన చలికి నీళ్ళు గడ్డకట్టి ఫిల్టరుకి అడ్డం పడతాయి కదా, జెట్ ఏ-1 అయితే మైనస్ 47 దాకా గడ్డకట్టదు.

ఏ320కి కుడి రెక్క కింద గొట్టం బిగిస్తాం. పట్టుకునే డెడ్‌మ్యాన్ స్విచ్ ఒకటి మా చేతిలో ఉంటాది, నొక్కి పట్టుకున్నంతసేపే ఇంధనం పారతాది, నాకు కళ్ళు తిరిగి పడిపోయినా చెయ్యి వదిలితే వెంటనే ఆగిపోతాది. వానలో ఆ స్విచ్ పట్టుకుని రెక్క కింద నిలబడి ఉంటే ఒళ్ళంతా తడిసిపోతాది గానీ వదలం. మెరుపులు దగ్గరకొచ్చాయని రాంప్ (విమానాలు ఆపే చోటు) మీద హెచ్చరిక వస్తే మాత్రం అందరం పని ఆపీసి లోపలికి వెళ్ళిపోవాలి. మీవాళ్ళు రెండు గంటలు కూర్చున్నారన్నారు కదా, ఆ రోజు అక్కడ కూడా ఉరుములుంటే ఇదే అయ్యుంటాది.

మీటరు లీటర్లు చూపిస్తాది, పైలట్‌కి కిలోలు కావాలి. ఆ రోజు ఇంధనం సాంద్రత మేము రాసిస్తాం, మన ఎండకి లీటరు 0.79 కిలో అటూ ఇటూ ఉంటాది. అంతకుముందు ట్యాంకులో ఎంతుంది, మేము పోసింది ఎంత, ఇప్పుడు గేజీ ఎంత చూపిస్తోంది, మూడూ సరిపోలాలి, తేడా వస్తే అందరం నిలబడి మళ్ళీ లెక్క చూడాల్సిందే. మాకు ట్రైనింగులో చెప్పిన కథ ఒకటుంది, 1983 జూలై 23న కెనడాలో బోయింగ్ 767, గేజీలు పనిచెయ్యట్లేదు, చేత్తో లెక్క కట్టారు, కిలోకి వాడాల్సిన అంకె బదులు పౌండ్లకి వాడే 1.77 వాడీసారు. 22,300 కిలోలు ఉండాల్సిన చోట 22,300 పౌండ్లు ఉన్నాయి, సగం కూడా లేదు. 41 వేల అడుగుల ఎత్తులో వెళ్తుంటే ఇంధనం హెచ్చరికలు మొదలయ్యాయి, కాసేపటికి రెండు ఇంజన్లూ ఆగిపోయాయి. ఆ కెప్టెన్‌కి గ్లైడర్లు నడిపే అలవాటుండబట్టి గిమ్లీ అన్న ఊళ్ళో పాత ఎయిర్‌బేసు మీద దించాడు, 69 మందీ బతికారు. ఆ కథ విన్నాక స్లిప్పు మీద అంకె రాసేటప్పుడు నాకెప్పుడూ తొందరుండదు.

టెక్కలి_మాస్టారు

బాబులూ, అందరూ బాగా చెప్పారు. నేను కొంతకాలం ఏటీసీలో పనిచేసి రిటైరయ్యాను, టవర్ వైపు నుంచి ఒక మాట కలుపుతాను.

ఇంధనంతో వచ్చిన ప్రమాదాలు నేను చదివినంతవరకూ చాలా వాటిలో ట్యాంకు చిన్నదై కాదు, నిర్ణయం ఆలస్యమై జరిగాయి, లేదా చెప్పాల్సిన మాట గట్టిగా చెప్పక జరిగాయి. 1978 డిసెంబరులో అమెరికా పోర్ట్‌లాండ్ దగ్గర యునైటెడ్ డీసీ-8, కెప్టెన్ ల్యాండింగ్ గేరు సమస్య చూసుకుంటూ గంట తిరిగాడు, పక్కనున్న వాళ్ళు ఇంధనం తగ్గుతోందని మెల్లగా అన్నారు గానీ ఆయన చేత వినిపించలేకపోయారు, ఇంజన్లు ఆగి ఊళ్ళో కూలింది, 10 మంది పోయారు. చిన్నవాడు పెద్దవాడికి ధైర్యంగా చెప్పాలి, పెద్దవాడు వినాలి అన్న ట్రైనింగు, సీఆర్ఎం అంటారు, దాని తర్వాతే గట్టిగా మొదలైంది. 1990 జనవరి 25న ఆవియాంకా బోయింగ్ 707 న్యూయార్క్ వెళ్తూ దారిలో మొత్తం గంటా పావు పైగా హోల్డింగ్‌లో (వరస వచ్చేదాకా గాల్లో కాచుకుని) తిరిగింది, పైలట్లు ఇంధనం అయిపోతోంది, ప్రయారిటీ కావాలి అన్నారు గానీ ఎమర్జెన్సీ ప్రకటించలేదు, కంట్రోలర్లు మామూలు వరసలోనే ఉంచారు. 158 మందిలో 73 మంది చనిపోయారు. ఆ సీట్లో కూర్చున్నవాడిగా చెప్తున్నాను, ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇప్పుడు ఆ సందిగ్ధం లేకుండా చేశారు. 2012 నుంచి ఐకావో రెండు మెట్లు పెట్టింది. పైలట్ “మినిమమ్ ఫ్యూయల్” అన్నాడంటే నేను ఈ ఎయిర్‌పోర్టుకే కట్టుబడ్డాను, ఇంక ఆలస్యమైతే ఫైనల్ రిజర్వ్‌లోకి దిగుతాను అని మాకు ముందుగా చెప్పడం, అది ఎమర్జెన్సీ కాదు. ఫైనల్ రిజర్వ్ కంటే తక్కువతో దిగాల్సొస్తుందని లెక్కలో తేలితే “మేడే మేడే మేడే ఫ్యూయల్” అనాలి, ఆ మాట వచ్చిందంటే ఎదురున్న విమానాలన్నీ పక్కకి తప్పించి దారిస్తాం, ఎవరూ ప్రశ్నలు వెయ్యరు.

మన దేశంలో కూడా అంచుదాకా వెళ్ళినవి ఉన్నాయి, దాచడం ఎందుకు. 2015 ఆగస్టులో దోహా నుంచి కొచ్చి వచ్చిన జెట్ ఎయిర్‌వేస్ విమానం కొచ్చిలో మూడుసార్లు ప్రయత్నించి కుదరక తిరువనంతపురం వెళ్ళి అక్కడ కూడా కొన్నిసార్లు లేచిపోయి చివరికి దిగింది. 2019 జూలైలో ముంబై–ఢిల్లీ విస్తారా విమానం ఢిల్లీలో వాతావరణం చెడి లక్నో వెళ్తే అక్కడా రన్‌వే కనపడక ఇంకో ఊరికి బయల్దేరి, లక్నో తెరిపిచ్చిందనగానే వెనక్కొచ్చి మేడే ఇచ్చి దిగింది. రెండిట్లోనూ అందరూ క్షేమం. రెండిట్లోనూ రెండో ఎయిర్‌పోర్టు కూడా చేతికి రాకపోవడమే చిక్కు, సోంపేట తమ్ముడు ఆల్టర్నేట్ గురించి రాసిన పేరా అందుకే ఇంకోసారి చదవండి. 2016 నవంబరులో కొలంబియాలో ఫుట్‌బాల్ జట్టుతో కూలిన లామియా విమానం వేరే సంగతి, అది ప్రయాణానికి సరిపోయేంత ఇంధనంతోనే, రిజర్వ్ లేకుండా బయల్దేరింది, 71 మంది పోయారు. అలాంటి ప్లానుకి అసలు బయల్దేరనివ్వకూడదు.

ఇచ్ఛాపురం బాబూ, మీ అమ్మగారి కెప్టెన్ అరగంటకే “చాలు” అన్నాడు. వైజాగ్‌లో చుట్టూ కొండలు, వానలో రన్‌వే కనిపించకపోతే ఇంకోసారి ఇంకోసారి అని మనసు లాగుతుంది, ప్రయాణికులు తిడతారు, డ్యూటీ టైం అయిపోతుంది, కంపెనీకి ఖర్చు. అవన్నీ పక్కనపెట్టి వెళ్ళిపోయినవాడు మంచి కెప్టెన్.

బాహుదా_ఒడ్డు (ఇచ్ఛాపురం)

అందరికీ చేతులెత్తి దండాలు. సోంపేట అన్న లెక్క కాగితం మీద రాసి అమ్మకి ఒక్కో అంకె చదివి వినిపించాను, 3,050 దగ్గర ఆపి “అప్పుడింకా గంట ఉందా?” అని మళ్ళీ మళ్ళీ అడిగింది. మాస్టారు రాసిన పాత ప్రమాదాలు మాత్రం చదవలేదు, ఏమీ అనుకోకండి. ఇప్పుడు రెండే అడుగుతాను, టికెట్టు ఏ టైంకి తియ్యమంటారు? ఇలా వేరే ఊళ్ళో దిగితే అక్కడే దిగిపోతామని అడగొచ్చా?

సోంపేట_బీల

పొద్దున్న ఫ్లైటు తియ్యి తమ్ముడూ. ఏప్రిల్, మే, జూన్‌లో మన వైపు ఉరుములు ఎక్కువగా మధ్యాహ్నం దాటాకే, నేల కాగి మబ్బు పైకి లేచాక. పొద్దున్నే విమానం కూడా ముందు రోజు ఆలస్యాలు మోసుకురాదు. చలికాలమైతే తిరకాసు, తెల్లవారుజామున పొగమంచు ఉంటుంది, కాస్త పొద్దెక్కాక చూసుకో. బీపీ మాత్రలు, ఒక బిస్కెట్ ప్యాకెట్టు, మోకాలికి పూసుకునే మందు చేతి సంచీలోనే ఉండాలి, కింద సామాన్లో వెయ్యొద్దు.

దిగిపోతామని అడగొచ్చు, అడగడంలో తప్పు లేదు. కానీ ఎయిర్‌లైన్, ఎయిర్‌పోర్టు ఒప్పుకోవాలి, కింద వేసిన బ్యాగు ఉంటే దాన్ని వెతికి దించాలి, మనిషి దిగి బ్యాగు వెళ్ళకూడదు కదా, అప్పుడు మిగతావాళ్ళందరికీ ఇంకా లేటు. చేతి సంచీ ఒక్కటే ఉంటే ఒప్పుకునే అవకాశం ఎక్కువ. వీల్‌చైర్ బుక్ చేసేటప్పుడే పెట్టు, వేరే ఊళ్ళో దిగినా సాయం అడగడం తేలికవుతుంది.

కొరాపుట్_చలి

ఆలస్యంగా చూశాను ఈ చర్చ. మేము జయపురంలో ఉంటాం, ఇక్కడ 2022లో ఉడాన్ కింద 9 సీట్ల సెస్నా క్యారవాన్ మొదలైంది, మా నాన్న దాంట్లో వెళ్ళినప్పుడు మనిషినీ బ్యాగునీ కలిపి తూకం వేశారని వచ్చి చెప్పారు. ఒకటే ఇంజనున్న ఆ బుల్లి విమానానికి కూడా ఇదే లెక్కా?

సోంపేట_బీల

అదే లెక్క అండీ, అంకెలు చిన్నవి, తూకం ఇంకా గట్టి. ట్రిప్, ఆల్టర్నేట్ అవసరమైతే అది, చివర్లో రిజర్వ్, ఏదీ తగ్గదు. కానీ పెద్ద విమానంలో ఒక మనిషి బరువు ఎక్కువైనా తేడా తెలియదు, క్యారవాన్‌లో తెలుస్తుంది, సీట్లన్నీ నిండి ట్యాంకూ నిండుగా పోస్తే బరువు పరిమితి దాటిపోతుంది. అందుకని ముందు ఇంధనం ఎంత కావాలో తేలుస్తారు, మిగిలిన బరువులో ఎంతమందిని ఎక్కించాలో చూస్తారు. మబ్బు పట్టిన రోజు ఇంధనం ఎక్కువ కావాలంటే ఒక సీటు ఖాళీగా పంపుతారు, ఇంధనం తీసి మనిషిని ఎక్కించరు. మీ నాన్నగారిని తూకం వేసింది అందుకే.